జీన్ టెస్ట్ అయ్యాక పాత కేస్ షీట్లన్నీ రీసెర్చ్‌కి అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

వరంగల్_వాసు

మా తమ్ముడికి హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అని ఈ మధ్యే తేలింది. గుండె కండరం మందమైపోయే జబ్బు. షటిల్ ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోతే ఎకో తీసి చెప్పారు. మా మేనమామ నలభై దాటకుండానే నిద్రలో పోయారు. అప్పట్లో గుండెపోటు అనుకుని ఊరుకున్నాం.

తమ్ముడికి జీన్ టెస్ట్ కూడా చేయించాం. రిపోర్టులో ‘వీయూఎస్’ అని రాశారు. ఒక మార్పు కనిపించింది కానీ అది జబ్బు తెచ్చేదో కాదో ఇప్పుడే చెప్పలేమట. అంత డబ్బు పోసి ఏమీ తేలకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇప్పుడు ఆ హాస్పిటల్ వాళ్ళే ఒక రీసెర్చ్‌లో చేరమంటున్నారు. జన్యు సమాచారంతో పాటు పాత ఈసీజీలు, ఎకోలు, మందుల చీటీలు, మూడు తరాల కుటుంబ వివరాలు అన్నీ కలిపి పెట్టుకుంటారట. అమ్మ రక్తం, నా రక్తం కూడా కావాలన్నారు. అమ్మ సంతకం పెట్టనంటోంది. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, బయటికి పొక్కితే ఎలా అని ఆవిడ భయం.

జీన్ టెస్ట్ అయిపోయాక ఈ పాత కాగితాలతో వాళ్ళకేం పని? ఇస్తే మాకు ఒరిగేదేమిటి?

గుంటూరు_ఘాటు

ఒరిగేదేమీ ఉండదు. రక్తం మనది, కాగితాలు మనవి, పేటెంటు ఇంకెవరిదో. ఆ మందు మళ్ళీ మనకే లక్షల్లో అమ్ముతారు. సంతకం పెట్టకండి.

ల్యాబ్_లలిత

ఘాటు గారూ, మీ కోపానికి కారణం ఉంది, దానికి తర్వాత వస్తాను. ముందు వాసు గారి ప్రశ్న. నేను జెనెటిక్ కౌన్సెలింగ్ చేస్తాను, రోజూ ఇలాంటి రిపోర్టులే చూస్తాను.

ఎవరి డీఎన్‌ఏ పూర్తిగా చదివినా ప్రామాణిక నమూనాతో పోలిస్తే నలభై, యాభై లక్షల చోట్ల తేడాలు ఉంటాయి. దాదాపు అన్నీ హాని లేనివే. వాటిలో హాని చేసేది ఏదో డీఎన్‌ఏ ఒక్కదాన్నే చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు. అదే మార్పు ఉన్న మిగతావాళ్ళ గుండెలు ఎలా ఉన్నాయో చూడాలి. ఒకే కుటుంబంలో జబ్బు ఉన్నవాళ్ళందరిలో ఆ మార్పు ఉందా, లేనివాళ్ళలో లేదా అని చూడాలి. ఊరు తెలియకుండా ఇంటి నంబరు ఒక్కటే చేతిలో ఉంటే ఎవరిల్లు వెతుకుతాం?

మేనమామ గారు చిన్న వయసులో పోయారన్నారు కాబట్టి మార్పు అమ్మ వైపు నుంచి వచ్చిందా అన్నది మొదట చూస్తారు. అమ్మగారిలో ఆ మార్పు ఉండి, ఎకోలో కండరం కూడా మందంగా ఉంటే అనుమానం బలపడుతుంది. మార్పు ఉన్నా ఈ వయసులోనూ గుండె శుభ్రంగా ఉంటే అనుమానం తగ్గుతుంది. కొంచెమే తగ్గుతుంది, ఎందుకంటే మార్పు ఉండి కూడా ఏళ్ళ తరబడి జబ్బు బయటపడనివాళ్ళు ఈ జబ్బులో ఉంటారు. ఆమె రక్తం ఇచ్చి ఎకో ఇవ్వకపోతే సగం పనే అయినట్టు.

రీసెర్చ్‌లో చేరినా చేరకపోయినా ఒక పని మాత్రం చేయండి. అమ్మగారికి, మీకు, చెల్లికి ఈసీజీ, ఎకో తీయించండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళ తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అందరికీ పరీక్ష చేయాలనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. జబ్బు తెచ్చే మార్పు ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం.

వరంగల్_వాసు

ఇంట్లో అందరికీ ఎకో తీయించాలని మాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఈ వారమే తీసుకెళ్తాను.

కార్డియో_పీజీ

లలిత గారు చెప్పినదానికి మన హైదరాబాద్ నుంచే ఉదాహరణ ఉంది, అదీ గుండె కండరం జబ్బులోనే. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల ముక్క ఎగిరిపోయిన మార్పు ఒకటి ఉంది. దక్షిణాసియా వాళ్ళలో వందకు సుమారు నలుగురిలో కనిపిస్తుంది. సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, సహచరులు 2009లో నేచర్ జెనెటిక్స్‌లో దీని గురించి రాశారు. జబ్బున్నవాళ్ళను, లేనివాళ్ళను పోలిస్తే ఈ మార్పు ఉన్నవాళ్ళకు ముప్పు దాదాపు ఏడు రెట్లు అని లెక్క వచ్చింది. అప్పట్లో పేపర్లలో పెద్ద వార్త.

అయితే వందకు నలుగురంటే మన దేశంలో కోట్లమంది. అంతమందికీ గుండె జబ్బు లేదు కదా? ఆ ముడి విప్పడానికి పదేళ్ళు పట్టింది. పేషెంట్ల ఎకోలు, కుటుంబ చరిత్రలు పక్కన పెట్టుకుని అదే జన్యువులోని మిగతా భాగాలు కూడా చదివారు. బ్రిటన్‌లో ఉన్న దక్షిణాసియా మూలాల పేషెంట్ల మీద 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ వరకు అసలు దోషి ఆ 25 అక్షరాల లోపం కాదు. ఆ లోపం ఉన్నవాళ్ళలో కొద్దిమందికి అదే క్రోమోజోమ్ మీద దాని వెంటే వచ్చే ఇంకో అరుదైన మార్పు ఉంటుంది, ముప్పంతా దానిది.

2009 పని వృథా అని నేననను. ఆ పేపరు లేకపోతే అక్కడ వెతకాలనే ఎవరికీ తట్టేది కాదు. కానీ పేషెంటు వివరాలు వెంట లేకపోతే కోట్లమందిని ఊరికే భయపెట్టే ప్రమాదం ఎంత ఉందో చూడండి.

గోదారి_గట్టు

మా బావమరిది ఆ నలుగురిలో ఒకడు. ఏదో ప్యాకేజీ టెస్టులో చూసినప్పటి నుంచి మెట్లు ఎక్కాలన్నా టెన్షన్ పడుతున్నాడు.

కార్డియో_పీజీ

గట్టు గారూ, ఆయన ఎకో, ఈసీజీ, ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా అన్న వివరాలు పట్టుకుని ఒకసారి కార్డియాలజిస్టును కలవమనండి. ఆ మూడూ బాగుంటే ఆ ఒక్క లైను చూసి మెట్లు మానేయాల్సిన పని లేదు. పరీక్ష లేకుండా ఇక్కడ నేను చెప్పేది మాత్రం ఫైనల్ కాదు.

కోడ్_కిరణ్

నేను ఒక హాస్పిటల్ డేటా సిస్టమ్‌లో పనిచేశాను. ఇక్కడ అందరూ కలపడం గురించి మాట్లాడుతున్నారు, ఆ కలపడం ఎంత కష్టమో చెప్తాను.

జన్యు సమాచారం మెషీన్ నుంచి వస్తుంది కాబట్టి ఎక్కడైనా ఒకే పద్ధతిలో ఉంటుంది. కేస్ షీట్ అలా కాదు. ఒకే మనిషికి మూడు యూహెచ్ఐడీలు, అంటే హాస్పిటల్ ఇచ్చే పేషెంటు నంబర్లు. ఒక దాంట్లో వెంకటేశ్వర్లు, ఇంకో దాంట్లో వెంకటేశ్వర రావు, మూడో దాంట్లో వి. రావు. పుట్టిన తేదీ తెలియనివాళ్ళకు జనవరి 1 వేసేస్తారు, ఆ లిస్టు చూస్తే తెలంగాణలో సగంమంది ఒకే రోజు పుట్టారేమో అనిపిస్తుంది. ఎకో రిపోర్టు స్కాన్ చేసిన ఫోటోగా ఉంటుంది, అందులోంచి కండరం మందం ఎన్ని మిల్లీమీటర్లో కంప్యూటర్ తనంతట తాను తీసుకోలేదు, ఎవరో కూర్చుని టైపు చేయాలి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఖాళీ గడి. ‘కళ్ళు తిరగడం’ దగ్గర ఏమీ రాయలేదంటే కళ్ళు తిరగలేదనా, డాక్టరు అడగలేదనా? రెండింటికీ చాలా తేడా. అడగలేదన్నదాన్ని లేదని లెక్కేస్తే వేల పేషెంట్ల మీద తీసిన ఫలితం కూడా తప్పుతుంది.

బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ ఎందుకు అంత పనికొచ్చిందో ఇక్కడే తెలుస్తుంది. 2006 నుంచి 2010 వరకు 40–69 ఏళ్ళ వాళ్ళను ఐదు లక్షలమందిని చేర్చుకున్నారు. అక్కడ ప్రతి మనిషికీ ప్రభుత్వ వైద్యంలో ఒకే నంబరు ఉంటుంది కాబట్టి తర్వాత వచ్చిన జబ్బులు, ఆపరేషన్లు, మరణాలు అన్నీ ఆ మనిషి జన్యు సమాచారానికి జోడించగలిగారు. మన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో పదివేలమంది జీనోమ్‌లు చదివి 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని డేటా సెంటర్ ద్వారా పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. మంచి అడుగు. కానీ వాళ్ళకు పదేళ్ళ తర్వాత ఏ జబ్బు వచ్చిందో వాళ్ళ జీనోమ్ పక్కన చేరితేనే దాని పూర్తి విలువ తెలుస్తుంది. ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఐడీ, ఆభా నంబరు, అందరికీ నిజంగా వాడుకలోకి వస్తే ఆ దారి కొంత తెరుచుకుంటుంది.

పిడుగురాళ్ళ_పద్మ

మా డాక్టరు గారి చీటీ చదవగలిగేది ఎదురుగా మెడికల్ షాపు రమణ ఒక్కడే. కిరణ్ గారూ, అతన్ని మీ ప్రాజెక్టులోకి తీసుకోండి, జీతం కూడా అడగడు.

కోడ్_కిరణ్

నిజంగానే మా టైపింగ్ టీమ్‌లో ఇద్దరు ఫార్మసిస్టులు ఉండేవాళ్ళు, పద్మ గారూ. అందుకే!

మన్యం_నర్సమ్మ

పాడేరు వైపు పనిచేస్తాను. సికిల్ సెల్ పిల్లలు మా దగ్గర చాలామంది. వీళ్ళందరిలో మార్పు ఒకటేనని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు, హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం తేడా. మరి ఒకే ఇంట్లో అక్కేమో ప్రతి చలికాలం కీళ్ళ నొప్పులతో అడ్మిట్ అవుతుంది, తమ్ముడేమో గట్టులెక్కి అడవికి పోయి వస్తాడు. ఇద్దరికీ రిపోర్టు ఒకటే. ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. పరీక్ష ఫలితం కంప్యూటర్లోకి వెళ్తుంది, ఆ పిల్ల ఎప్పుడెప్పుడు నొప్పితో వచ్చిందో మాత్రం నా నోట్‌బుక్‌లోనే ఉంటుంది.

ల్యాబ్_లలిత

నర్సమ్మ గారూ, మీరడిగిన ఈ ప్రశ్నే ఒక పెద్ద కథకు మొదలు.

కడుపులో ఉన్న బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో అది తగ్గిపోయి పెద్దవాళ్ళ రకం వస్తుంది. కొందరిలో ఆ పసితనపు హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగానే మిగులుతుంది, వాళ్ళకు సికిల్ సెల్ తేలిగ్గా ఉంటుంది. మన దేశంలోనూ, అరబ్ దేశాల్లోనూ ఇలాంటివాళ్ళు ఎక్కువ. మీరు చెప్పిన తమ్ముడు అలాంటివాడేమో, హిమోగ్లోబిన్ రకాలు చూపే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులో ‘హెచ్‌బీఎఫ్’ శాతం చూడండి.

ఎవరిలో ఎంత మిగిలిందన్న ల్యాబ్ అంకెను, వాళ్ళ డీఎన్‌ఏను పక్కపక్కన పెట్టి చూస్తే 2007, 2008లో బీసీఎల్11ఏ అనే జన్యువు దొరికింది. సార్డీనియా దీవి ప్రజలు, యూరప్ కవలలు, సికిల్ సెల్, తలసీమియా పేషెంట్లు, ఇలా వేరువేరు చోట్ల నుంచి వచ్చిన లెక్కలన్నీ దాని వైపే చూపించాయి. పసితనపు హిమోగ్లోబిన్‌ను అణిచిపెట్టే స్విచ్ అది. ఆ స్విచ్‌ను పేషెంటు సొంత మూలకణాల్లో ఆపేసే చికిత్సే కాస్జెవీ. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా దానికి అనుమతిచ్చాయి.

మీ నోట్‌బుక్‌ను పారేయకండి. నొప్పుల చరిత్ర లేకపోతే తేలిక జబ్బు ఎవరిదో, కష్టం జబ్బు ఎవరిదో ఏ మెషీనూ చెప్పలేదు.

గుంటూరు_ఘాటు

కాస్జెవీ ధర కూడా చెప్పండి లలిత గారూ. అమెరికాలో 22 లక్షల డాలర్లు. పాడేరు పిల్ల దాన్ని కలలో కూడా చూడలేదు. నేను చెప్పేది ఇదే.

ఇంకో సంగతి. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోపల హవసుపాయి అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు షుగర్ జబ్బు ఎందుకు ఎక్కువో చూస్తామని రక్తం తీసుకున్నారు. ఆ రక్తాన్నే తర్వాత మానసిక జబ్బుల మీద, దగ్గరి పెళ్ళిళ్ళ మీద, వాళ్ళ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్నదాని మీద పరిశోధనలకు వాడారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ తెగ కోర్టుకెళ్ళింది, 2010లో రాజీ కుదిరి ఏడు లక్షల డాలర్లు, మిగిలిన రక్తం నమూనాలు తిరిగిచ్చారు. చదువుకున్న దేశంలో అలా జరిగితే మన మన్యంలో అడిగేదెవరు?

మన్యం_నర్సమ్మ

ఘాటు గారు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. కానీ హైడ్రాక్సీయూరియా మాత్ర పసితనపు హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది, దాని ధర చాలా తక్కువ. అది ఎవరికి బాగా పనిచేస్తోందో, ఎవరికి పనిచేయడం లేదో చూడాలన్నా ఈ లెక్కలే కావాలి. నాకు కోట్ల మందు వద్దు, ఈ మాత్ర ఎవరికి ముందు మొదలుపెట్టాలో తెలిస్తే చాలు.

ల్యాబ్_లలిత

హవసుపాయి సంగతి నేను పాఠం చెప్పే ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఘాటు గారూ, మీతో ఒప్పుకుంటాను: దేనికి ఇచ్చారో దానికే వాడాలి, వేరేదానికైతే మళ్ళీ అడగాలి. ఒప్పుకోనిది ఒకటే, అందువల్ల అసలు ఇవ్వొద్దనడం.

ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా చూడండి. ఇప్పటివరకు ఇలాంటి పెద్ద జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళలో వందకు ఎనభైమందికి పైగా యూరప్ మూలాలవాళ్ళే. 2016లో అమెరికాలో ఒక విషయం బయటపడింది. వాసు గారి తమ్ముడికి ఉన్న ఈ జబ్బులోనే, కొందరు నల్లజాతి పేషెంట్లకు జబ్బు తెచ్చే మార్పు ఉందని రిపోర్టులిచ్చారు. తీరా చూస్తే ఆ మార్పులు ఆరోగ్యంగా ఉన్న నల్లజాతివాళ్ళలో మామూలుగా ఉండేవే. పోల్చిచూసిన గుంపులో వాళ్ళు సరిపడా లేకపోవడం వల్ల జరిగిన పొరపాటు. ఆ రిపోర్టులు నమ్మి కుటుంబాలు ఏళ్ళ తరబడి భయంతో బతికాయి. మనవాళ్ళకు వీయూఎస్‌లు ఇన్ని రావడానికీ పెద్ద కారణం ఇదే, పోల్చడానికి మనవాళ్ళ కాగితాలు లేవు.

డల్లాస్_దత్తు

జబ్బు లేనివాళ్ళ కాగితాలు కూడా ఎంత ముఖ్యమో మా ఊరి కథ చెప్తాను. ఇక్కడ డల్లాస్ హార్ట్ స్టడీ అని మామూలు జనాన్ని పిలిచి రక్తపరీక్షలు, స్కాన్లు చేసి పెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో 2003లో పీసీఎస్‌కే9 అనే జన్యువులో మార్పు వల్ల కొలెస్టరాల్ విపరీతంగా పెరిగిన కుటుంబాలు కనిపించాయి. ఇక్కడ హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ తిరగేసి ఆలోచించారు: అదే జన్యువు పనిచేయనివాళ్ళకు కొలెస్టరాల్ తక్కువ ఉండాలి కదా అని. వెతికితే దొరికారు. 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం అలాంటి నల్లజాతివాళ్ళలో చెడు కొలెస్టరాల్ 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువ. దాని మీద వచ్చిన ఇంజెక్షన్లు 2015లో మార్కెట్లోకి వచ్చాయి. గుండె బాగున్నవాళ్ళ రికార్డులు లేకపోతే ఆ మందు లేదు.

మత్తు_డాక్టర్

ఇంతసేపు చదువుతూ ఉన్నాను. ఇది మా అనస్థీషియా వాళ్ళు రాయాల్సిన మాట. ఆపరేషన్ ముందు గొంతులో ట్యూబు వేయడానికి ఇచ్చే ఒక ఇంజెక్షన్ ఉంది, సక్సినైల్‌కోలిన్. మేం స్కోలిన్ అంటాం. కండరాలు వదులవుతాయి, కొన్ని నిమిషాల్లో దాని ప్రభావం దానంతట అదే పోతుంది. దాన్ని కరిగించే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే ఉండదు. వాళ్ళు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఆర్యవైశ్య సమాజంలో ఈ లోపం మిగతావాళ్ళకంటే వందరెట్లు ఎక్కువని 2017లో సీసీఎంబీ, హార్వర్డ్ కలిసి రాసిన పేపరులో ఉంది. మా సీనియర్లకు అనుభవంలో ముందే తెలుసు, ‘కోమట్ల ఇంటి పేషెంటా, స్కోలిన్ వద్దు’ అనేవాళ్ళు. కేస్ షీట్ల అనుభవం ఒకవైపు నుంచి, జన్యువు ఇంకోవైపు నుంచి వచ్చి కలిశాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా అందితే దయచేసి దాన్ని రాయించుకుని దాచండి. తర్వాత ఆపరేషన్‌కి వెళ్ళే ప్రతిఒక్కరూ ముందే చెప్పండి. వేరే మందులున్నాయి, వాడతాం.

సత్తుపల్లి_శ్రీదేవి

మా అమ్మకు అచ్చం ఇలాగే జరిగింది డాక్టరు గారూ. గాల్‌బ్లాడర్ ఆపరేషన్. చిన్న ఆపరేషన్ అన్నారు, చివరికి ఐసీయూలో వెంటిలేటర్. డిశ్చార్జ్ కాగితంలో ఆ ముక్కే రాయలేదు. తర్వాత మా అక్కకు సిజేరియన్ అప్పుడు నేను పట్టుబట్టి చెప్తే రక్తపరీక్ష చేసి ఎంజైమ్ తక్కువుందన్నారు, వేరే మందు వాడారు. ఆ ఒక్క లైను రాయడానికి ఎందుకంత బద్ధకం అని ఇప్పటికీ కోపం వస్తుంది.

గుంటూరు_ఘాటు

ఇదైతే నాకు నచ్చింది. కోట్ల మందు కాదు, ఉన్న మందు ఎవరికి వద్దో తెలియడం.

కార్డియో_పీజీ

అలాంటిదే గుండెలో కూడా ఉంది. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్రను లివర్ పనిచేసే రూపంలోకి మార్చాలి. లండన్ తూర్పు భాగంలోని బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాల జన్యువులను, వాళ్ళ డాక్టరు రికార్డులను కలిపి చూస్తే సగానికి పైగా జనంలో ఆ మార్చే శక్తి తక్కువని తేలింది. మన దగ్గర రోజూ ఎన్ని స్టెంట్లు వేస్తారో ఆలోచించండి.

నల్లకుంట_అత్తయ్య

ఇంత చదివాక కూడా నాకు వాసు వాళ్ళమ్మగారి భయమే ముందు కనిపిస్తోంది. ఫలానా కులంలో ఫలానా జబ్బు అని పేపర్లో వస్తే ఆ కులం ఆడపిల్లలందర్నీ అలాగే చూస్తారు. సైన్సు వాళ్ళకు అది ఒక లెక్క. మాకు అది పెళ్ళిచూపుల్లో ఎదురయ్యే ప్రశ్న.

ల్యాబ్_లలిత

అత్తయ్య గారూ, ఈ మాట రీసెర్చ్ మీటింగుల్లో మీలాంటివాళ్ళు వచ్చి చెప్పాలి. నా వంతుగా ఒకటి చెప్తాను. ఆ 2017 పేపరులోనే 263 దక్షిణాసియా సమూహాలను చూస్తే 81లో కొద్దిమంది పూర్వీకుల నుంచే జనం పెరిగిన గుర్తు, అంటే ఇలాంటి లోపాలు పేరుకునే పరిస్థితి, ఫిన్లాండ్ వాళ్ళకంటే, యూరప్ యూదులకంటే గట్టిగా ఉంది. వందల ఏళ్ళుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల వచ్చింది. అన్ని కులాల్లో, అన్ని తెగల్లో ఏదో ఒకటి ఉంటుంది. వైశ్యులది ముందు తెలిసింది, అంతే. తెలిసినందువల్ల శ్రీదేవి గారి అక్క క్షేమంగా ఇంటికొచ్చారు.

నల్లకుంట_అత్తయ్య

అది నిజమే తల్లీ. కానీ పేర్లు బయటపడకుండా చూసే పూచీ ఎవరిది?

లాయర్_లత

అత్తయ్య గారి ప్రశ్నకు నాకు తెలిసినంత. పేరు తీసేస్తే చాలు అనుకోవద్దు. 2013లో అమెరికా పరిశోధకులు పేర్లు తీసేసిన డీఎన్‌ఏ నుంచి, ఇంటర్నెట్‌లో ఉన్న వంశవృక్షాల వెబ్‌సైట్ల సాయంతో కొందరి ఇంటిపేర్లు పట్టేశారు. అందుకే డేటాను ఎవరికి పడితే వాళ్ళకు కాపీ ఇవ్వకుండా, ఒకచోటే ఉంచి, అనుమతి ఉన్నవాళ్ళు అక్కడికే వచ్చి చూసే పద్ధతి మంచిది.

మన దేశంలో ప్రతి పరిశోధననూ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఉన్నాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, కానీ అందులో కొన్ని షరతులతో పరిశోధనకు మినహాయింపు ఉంది. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అనుకోకుండా కన్సెంట్ ఫారం చదవాలి.

ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాసు గారి తమ్ముడి జబ్బే ఉన్న ఒకాయన క్లెయిమును జన్యు జబ్బు అని తోసిపుచ్చితే, అది చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. కేసు తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అమెరికాలో లాగా జన్యు వివక్ష మీద ప్రత్యేక చట్టం మనకు లేదు. ఉండాలి.

వాసు గారూ, సంతకానికి ముందు ఇవి అడగండి: రక్తం ఈ ఒక్క జబ్బుకేనా, దేనికైనానా? విదేశాలకు పంపుతారా? కంపెనీలకు ఇస్తారా? మధ్యలో మానుకుంటే నమూనా నాశనం చేస్తారా? ఆరోగ్యానికి సంబంధించినదేదైనా దొరికితే మాకు చెప్తారా? జవాబులు నోటితో కాదు, కాగితం మీద.

సోంపేట_సూరి

మా ఉద్దానం గురించి కూడా ఎవరైనా చెప్పండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, ఎక్కడ చూసినా కిడ్నీ పేషెంట్లే. నీళ్ళని కొందరు, ఎండలో పని అని కొందరు, పురుగుమందులని, నొప్పి మాత్రలని కొందరు, జన్యువులని ఇంకొందరు. ఎన్నిసార్లు రక్తం ఇచ్చామో, ఎన్నిసార్లు బోరు నీళ్ళు పట్టుకెళ్ళారో. ప్రతిసారీ కొత్త టీమ్. మళ్ళీ మొదటి నుంచి.

ల్యాబ్_లలిత

సూరి గారూ, మీ కష్టం ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే పెద్దది. ఇదీ ఒకే ఒక్క కారణం అని ఇప్పటివరకు తేలలేదు. నా అభిప్రాయం, అక్కడ జన్యువు ఒక్కటే వెతికితే దొరకదు, నీళ్ళు ఒక్కటే వెతికినా దొరకదు. ఒకే ఊళ్ళో ఒకే నీళ్ళు తాగి ఒకే తోటలో పనిచేసిన అన్నదమ్ముల్లో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం ఎందుకో చూడాలి. దానికి అవే మనుషుల క్రియాటినిన్ ఏళ్ళ తరబడి, వాళ్ళు చేసిన పని, తాగిన నీళ్ళు, వాడిన మాత్రలు, డీఎన్‌ఏ అన్నీ ఒకే వరుసలో ఉండాలి. ప్రతి టీమూ తన ముక్క తాను పట్టుకెళ్తే ఆ వరుస ఎప్పటికీ తయారుకాదు.

సోంపేట_సూరి

మరి ఆ వరుస తయారుచేసే బాధ్యత ఎవరిది? మాకు ఫలితం చెప్పడానికి ఊళ్ళోకి తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

గుంటూరు_ఘాటు

అదీ మాట. లత గారి ప్రశ్నల్లో ఇదొకటి కలపండి: ఫలితం తేలాక మా ఊరొచ్చి, మా భాషలో చెప్తారా?

లాయర్_లత

కలిపాను.

వరంగల్_వాసు

అప్‌డేట్. అమ్మకూ చెల్లికీ నాకూ ఎకో అయింది. చెల్లిదీ నాదీ నార్మల్. అమ్మకు కండరం కొంచెం మందంగా ఉంది, కానీ బీపీ కూడా ఉంది కాబట్టి దేని వల్లో చెప్పలేమన్నారు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

లత గారి ప్రశ్నలు ప్రింటు తీసుకుని వెళ్ళాను. కో-ఆర్డినేటర్ అమ్మాయి ఓపిగ్గా కూర్చుని చెప్పింది. కంపెనీలకు ఇచ్చే గడి ఫారంలో వేరుగా ఉంది, దానికి వద్దని టిక్ పెట్టాం. కొత్తగా ఏదైనా తేలితే తెలియజేయాలన్న గడికి అవునని పెట్టాం. అమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది, వంశవృక్షంలో చెల్లి పేరు బదులు నంబరు ఉండాలని. వాళ్ళ పద్ధతే అదట, అందరివీ నంబర్లే.

కార్డియో_పీజీ

అమ్మగారి పాత బీపీ రీడింగులు ఎక్కడున్నా వెతికి ఇవ్వండి వాసు గారూ. బీపీ ఎప్పుడు మొదలైంది, ఎంత ఉండేది అన్నది తెలిస్తేనే ఆ మందం బీపీదా, జన్యువుదా అన్నది విడదీయగలరు.

వరంగల్_వాసు

నాన్న రాసిపెట్టిన డైరీలో ఉన్నాయి, తేదీలతో సహా.

కోడ్_కిరణ్

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. అలాంటి డేటా మేం ఎప్పుడూ చూడలేదు!

నర్సమ్మ గారూ, మీ నోట్‌బుక్ గురించి ఆలోచిస్తున్నాను. పేర్లు లేకుండా, సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో నింపుకునేలా చిన్న ఫారం చేసి ఇవ్వగలను. మీ పై డాక్టరు ఒప్పుకుంటేనే. ఏమేం గడులు కావాలో రాయండి.

మన్యం_నర్సమ్మ

డాక్టరు గారిని అడిగాను, ముందు ఫారం చూపించమన్నారు. తేదీ, వయసు, హెచ్‌బీఎఫ్ శాతం, మాత్ర వేసుకుంటోందా లేదా, జ్వరం, రక్తం ఎక్కించామా, ఎన్ని రోజులుంది. నొప్పి ఎక్కడ అన్నదానికి మాత్రం మనిషి బొమ్మ పెట్టండి, పిల్లలు వేలితో చూపిస్తారు. ఇందాక మీరు రాసినట్టు ‘అడగలేదు’ అన్నదానికి కూడా ఒక గడి ఉంచండి.